సరంగులు చెప్పిన గోదారి

మాది భద్రాచలం. మా ఊళ్ళో గోదావరి అంటే ముందు అడిగేది నీటిమట్టం ఎంతుందని. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది. ఈ అంకెలు మా దగ్గర స్కూలు పిల్లలు కూడా చెబుతారు. కానీ ఆ నీళ్ళు మమ్మల్ని దాటి కిందికి పోయాక, వాటి మీదే పని చేసుకుని బతికేవాళ్ళ సంగతి మాకు పెద్దగా తెలియదు. లాంచీ నడిపే సరంగులు, జనాన్ని, బళ్ళను ఏరు దాటించే పంటు మీద పనిచేసేవాళ్ళు, ఇసుక పడవల వాళ్ళు, వలలు వేసేవాళ్ళు. నదికి అడ్డంగా డ్యాం కట్టినా, పైన వంతెన వేసినా, ఇది జాతీయ జలమార్గం అని ప్రకటించినా ముందు తగిలేది వీళ్ళకే. వీళ్ళేమనుకుంటున్నారో వినాలని చాలాకాలంగా ఉంది. డిసెంబరులో కుదిరింది. వరదలు పోయి నీళ్ళు తేటపడి, సార్వా కోతలు జోరుగా సాగే రోజులు. రాజమండ్రిలో మా బావ ఉంటాడు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను.

మొదటి రోజు: ధవళేశ్వరం, రాజమండ్రి

పొద్దున్నే బావ బండి మీద ధవళేశ్వరం వెళ్ళాం. బ్యారేజీ మీద నిలబడితే ఇటు నిండు చెరువులా నీళ్ళు, అటు ఇసుక తిన్నెలు. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదిని దాటుతుంది. కాటన్ మ్యూజియం, విగ్రహం అందరూ చూసేవే. నేను చూడాలనుకున్నది లాకులు.

కాటన్ తవ్వించిన కాలువలు పంటలకే కాదు, పడవలకు కూడా. రైళ్ళ కంటే పడవల కాలువలు చవక అని ఆయన చివరిదాకా వాదించాడు. మా భద్రాచలం పక్కన దుమ్ముగూడెం ఆనకట్ట కూడా మొదట పడవలు పైకి పోవడానికి తలపెట్టిందే. ఇక్కడ బయల్దేరిన పడవ ఏలూరు కాలువ మీద బెజవాడ, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం, ఆపైన బకింగ్‌హాం కాలువలో చెన్నపట్నం దాకా వెళ్ళేది. కాలువ ఎత్తు మారిన ప్రతిచోటా లాకు ఉంటుంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు వేసేస్తారు, ముందు తలుపుకున్న తూము తీసి నీళ్ళు సమం అయ్యేదాకా ఆగుతారు, అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. ఇప్పుడు పడవలు లేవు. తలుపులకు తుప్పు పట్టింది, లోపల గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది.

లాకుల గట్టు మీద ఎనభై దాటిన పెద్దాయన కనిపించారు. చిన్నతనంలో తండ్రితో పాటు ధాన్యం పడవ మీద తిరిగారట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడకర్ర, గడ పనిచెయ్యని చోట గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం.

"తాడు భుజానికేసుకుని వంగి నడవాలండి. ఇద్దరు లాగితే ఒకడు పడవలో ఉండి గట్టుకి కొట్టుకోకుండా గడేసి నెట్టేవాడు. లాకుల దగ్గర వరసలో ఆగితే అక్కడే పొయ్యి పెట్టుకుని వండుకునేవాళ్ళం. లాకు సూపర్నెంటు గారు మా దేవుడు, ఆయన ఊ అంటేనే తలుపు తీసేది."

ఆ భుజం ఎలా ఉందో నేను అడగకుండానే చొక్కా పక్కకి తీసి చూపించారు. మెడ కింద ఒకచోట చర్మం గట్టిపడి, నల్లగా, కాయ కాసినట్టుంది. తాడు వదిలేసి అరవై ఏళ్ళు అయినా అది పోలేదు.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలను, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని కలిపి 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ మాట చెబితే పెద్దాయన సంతోషించారు. "రావాలండి. లారీ తాగేంత డీజిలు పడవ తాగదు. కానీ ముందు ఈ డెక్క ఎవరు తీస్తారు? కాలువ గట్లు తొలుచుకుని ఇళ్ళు కట్టేశారు, వాళ్ళనెవరు లేపుతారు?" అన్నారు. ప్రకటన వచ్చి ఇన్నేళ్ళయినా ఈ లాకుల దగ్గర ఆ రెండు ప్రశ్నలకూ జవాబు కనిపించలేదు నాకు.

సాయంత్రం కోటిలింగాల రేవు వైపు ఇసుక పడవల దగ్గరికి వెళ్ళాం. ఇక్కడ ఇసుక తీసే పద్ధతి నేను ముందెప్పుడూ చూడలేదు. నది మధ్యలో పడవ ఆపి, వెదురు గడ నిలువుగా దించి అడుగున గుచ్చుతారు. మనిషి బకెట్టు పట్టుకుని ఆ గడ పట్టుకుంటూ కిందికి దిగుతాడు. అడుగున బకెట్టులో ఇసుక నింపి తాడు కదిలిస్తే పైవాళ్ళు లాగుతారు. ఊపిరి బిగబట్టి చేసే పని. ఆక్సిజన్ లేదు, కళ్ళద్దాలు లేవు. ఒడ్డుకొచ్చిన కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెవి నొప్పి ఎప్పుడూ ఉంటుందన్నాడు. ఎందుకు మానవు అంటే, "కూలి బాగానే గిడుతుందండి, ఒడ్డున ఇంత రాదు" అన్నాడు.

అక్కడ వాళ్ళల్లో వాళ్ళకే వాదన వచ్చింది. బోట్స్‌మెన్ సొసైటీలో ఉన్న ఒకాయన, యంత్రాలు పెట్టి తవ్వేస్తే నది పాడవుతుంది, మా పొట్టా పోతుంది అన్నాడు. పక్కన వల బాగుచేసుకుంటున్నాయన ఒప్పుకోలేదు. "మీరు మాత్రం తక్కువ తీస్తున్నారా? గుంటలు పడి వల చిక్కుకుంటోంది" అన్నాడు. యంత్రం సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

రెండో రోజు: గండిపోచమ్మ నుంచి పేరంటాలపల్లి

పాపికొండల బోటు ఎక్కాలంటే ఒకప్పుడు రాజమండ్రి పుష్కరఘాట్‌లోనే ఎక్కేవారు. పోలవరం దగ్గర ఎగువ కాఫర్ డ్యాం (నీళ్ళను ఆపే తాత్కాలిక కట్ట) కట్టి, 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్ళించాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు డ్యాంకి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. అంటే రాజమండ్రి నుంచి బస్సులో వెళ్ళి బోటు ఎక్కడం. రాజమండ్రి రేవులో దశాబ్దాల తరబడి టిక్కెట్టు, టీ, టిఫిన్ అమ్ముకున్నవాళ్ళు ఏమయ్యారో చాలామంది అడగరు. మా బావకు తెలిసిన ఒకాయన ఆటో నడుపుతున్నాడు.

పొద్దున్న గండిపోచమ్మ దగ్గర నది కనిపించలేదు, అంతా మంచు. బోట్లు కట్టేసి ఉన్నాయి. బోట్ల రాకపోకలు చూసే కంట్రోల్ రూం నుంచి వదలమనేదాకా కదలకూడదు. ప్రయాణికులు విసుక్కుంటున్నారు. సరంగు మాత్రం పోచమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి వచ్చి, పసుపు కుంకాలు స్టీరింగుకి పెట్టి, నిదానంగా టీ తాగుతున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి. మంచు విడిచాక బయల్దేరాం. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. బోటులో పనిచేసే కళాసీ కుర్రాడు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి తాళ్ళు లాగి చూశాడు.

నేను ముందుకెళ్ళి సరంగు పక్కన కూర్చుంటానని అడిగాను. ముందు కుదరదన్నాడు. మాది భద్రాచలమని చెప్పాక, "పైన మీరు చూసిన నీళ్ళే మాకు కిందికొస్తాయి, కూర్చోండి" అని పక్కకి జరిగాడు.

దేవీపట్నం దాటుతుంటే వేలితో చూపించాడు. నీళ్ళలోంచి ఒక కరెంటు స్తంభం తల, దానికి కొంచెం దూరంలో ఒక చెట్టు మోడు. "అదిగోనండి, ఆ స్తంభానికి ఇవతల మా ఇల్లు. పెంకుటిల్లే అయినా అరుగు పెద్దది."

డ్యాం మీద కోపముందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

"డ్యాం వద్దని నేననను. కిందోళ్ళకి నీళ్ళు కావాలి, మా చుట్టాలూ కిందే ఉన్నారు. ఇంటికి, పొలానికి లెక్క కట్టారు. రేవుకి లెక్క కట్టలేదండి. మా నాన్న నలభై ఏళ్ళు ఆ రేవులో నావ వేశాడు. అది ఆస్తి కాదంట. నీళ్ళు ఇంకా పెరిగితే బోట్లు ఎక్కడ కట్టుకోవాలి, కొత్త రేవు ఎక్కడ వస్తుంది అని మమ్మల్నెవరూ కూర్చోబెట్టి అడగలేదు."

పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, ముందు 41.15 దాకా నింపుతామంటున్నారు. ఈ అంకెలు అతనికి నాకంటే బాగా తెలుసు. ఏ మట్టానికి ఏ ఊరు, ఏ గుడి మెట్లు, ఏ మామిడితోట మునుగుతాయో వరసగా చెప్పుకుపోయాడు. కొండమొదలు వైపు ఊళ్ళకు ఒకప్పుడు లాంచీయే బస్సు. సంతకు పోవాలన్నా, జ్వరమొచ్చి ఆసుపత్రికి పోవాలన్నా, పెళ్ళివారు రావాలన్నా అదే. ఇప్పుడు ఆ జనం ఎక్కువమంది రోడ్డు పక్క కాలనీల్లో ఉన్నారు. అక్కడ కుళాయి ఉంది, రోడ్డు ఉంది, నది లేదు. నావ నడపడం తప్ప వేరే పని తెలియని మనిషికి ఆ కాలనీలో ఏం పని దొరుకుతుంది?

కచ్చులూరు వస్తుండగా అతను మాట ఆపేశాడు. అక్కడ నది వంపు తిరుగుతుంది, లోతు ఎక్కువ, వరదలో సుడులు లేస్తాయి. కచ్చులూరు మందం అంటారు. 2019 సెప్టెంబర్ 15న వరద ఉధృతంగా ఉన్న రోజున 77 మందితో వెళ్తున్న బోటు ఇక్కడే బోల్తా పడింది. 26 మంది బతికారు. అంతమందైనా బతికింది ఒడ్డున ఉన్న కచ్చులూరు జనం చిన్న పడవలేసుకుని దూకబట్టే. మునిగిన బోటును అక్టోబర్ 22న బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. లంగర్లు, ఇనుప తాళ్ళు, నీళ్ళ గురించి తెలిసిన మనుషులు, అంతే వాళ్ళ దగ్గరున్నది.

బోటులో పాటలు ఆపేశారు. వంపు దాటేదాకా ఎవరూ నిలబడొద్దని కళాసీ గట్టిగా చెప్పాడు. సరంగు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి నీళ్ళనే చూస్తున్నాడు. వంపు దాటాక చెప్పాడు.

"నీళ్ళ మీద గీతలు చూడండి. నున్నగా ఉంటే లోతు. సన్నగా ముడతలు పడితే కింద ఇసుక మేట. ఒకేచోట నూనె పోసినట్టు గుండ్రంగా మెరుస్తుంటే అడుగు నుంచి నీళ్ళు పైకి తన్నుతున్నాయన్నమాట. వరదలో ఇవేం కనపడవు, అంతా ఎర్రగా ఒకటే. అందుకే వరదలో వదలకూడదు. ఆ రోజు ఇంజన్ గురించి, డ్రైవర్ గురించి ఎన్నో అన్నారు. నేననేది ఒకటే, ఆ నీళ్ళలో బోటు వదలకూడదు."

ఆ తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు, నిబంధనలు పెంచారు. కొందరు బోట్ల వాళ్ళు దీన్ని తలనొప్పి అంటున్నారు. మంచు పడితే ఆపుతారు, గాలి వీస్తే ఆపుతారు, టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వాలి అని. ఈ సరంగు అలా అనలేదు. నాకూ అతని మాటే సబబు అనిపించింది. ఆగిన రోజున కూలి పోతుంది నిజమే, దానికి ఏదో దారి చూడాలి. దానికోసం నిబంధన సడలించడం మాత్రం జరగకూడదు.

పేరంటాలపల్లిలో మునివాటం అనే ఆశ్రమం చూసుకుని, కొండరెడ్ల ఆడవాళ్ళు అమ్ముతున్న వెదురు బొమ్మల దగ్గర కూర్చున్నాను. వెదురుతో చేసిన పడవ బొమ్మ కొన్నాను. చేసినావిడ బోట్లు రావాలంది, వస్తేనే నాలుగు డబ్బులు. కానీ ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్ళు నీళ్ళలో పారేస్తున్నారు, అవి మా రేవుకే కొట్టుకొస్తున్నాయి అంది. తిరుగు ప్రయాణంలో నా కళ్ళ ముందే మూడు గ్లాసులు నదిలో పడ్డాయి. కళాసీ చెప్పినా వినలేదు వేసినాయన.

మూడో రోజు: తాళ్ళరేవు, కోటిపల్లి

కాకినాడ మీదుగా తాళ్ళరేవు వెళ్ళాను. ఈ పక్కనే కోరంగి. ఒకప్పుడు ఇక్కడి నుంచి రంగూన్‌కు ఓడలు నడిచేవి. బర్మాలో మన తెలుగు కూలీలను కోరంగీలు అనే పిలిచేవారు. 1839 తుఫానుకు ఓడలు, ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. తాళ్ళరేవులో మాత్రం పడవలు కట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు.

కొబ్బరిచెట్ల కింద సగం కట్టిన చెక్క పడవ ఒకటి ఉంది. పక్కటెముకల్లాంటి వంపు కర్రలు నిలబెట్టి, వాటికి పలకలు బిగిస్తున్నారు. మేస్త్రి నోట్లో మేకులున్నాయి, మాట్లాడమంటే తల ఊపాడు. కొడుకు పలకల సందుల్లో పత్తి కూరుతున్నాడు. ఉలిలాంటి మొద్దు పనిముట్టుతో పత్తిని లోపలికి కొట్టి, దాని మీద గుగ్గిలం కలిపిన నూనె పూస్తాడు. నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బి పత్తిని బిగించేస్తుంది. కాగితం మీద గీత ఏమీ లేదు. కొలతలన్నీ మేస్త్రి తలలోనే.

ఇప్పుడు ఎక్కువమంది ఫైబర్ బోట్లు కొంటున్నారు. తేలిక, చెదలు పట్టదు, తొందరగా వస్తుంది. మేకులు తీశాక మేస్త్రి అన్నాడు, "ఫైబర్ మంచిదేనండి, నేను కాదనను. దెబ్బ తగిలితే మాత్రం మా దగ్గరికి తేలేరు. చెక్కయితే ఒక్క పలక మార్చి పంపేస్తాను." కొడుకు ఐటీఐ చేశాడు, ఫైబర్ పని కూడా నేర్చుకున్నాడు. తండ్రి దాని గురించి చెప్పేటప్పుడు గొంతులో గర్వమే ఉంది.

యానాం మీదుగా మధ్యాహ్నానికి కోటిపల్లి చేరాను. సోమేశ్వరస్వామి గుడి, ఎదురుగా గోదావరి గౌతమి పాయ, అవతల ముక్తేశ్వరం. అమలాపురం పోయేవాళ్ళకు ఈ రేవు దగ్గరి దారి. నది మధ్యలో కొత్త రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి కాలంలో మొదలైన ఈ లైను కోసం కోనసీమ జనం అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు.

పంటు అంటే రెండు పడవలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచిన వేదిక. ఆటో, కారు, బైకులు, పాల డబ్బాలు, కాలేజీ పిల్లలు, గుడికొచ్చిన ముసలమ్మలు అంతా ఒకేచోట. బైకు ఎక్కించే కుర్రాడి పని చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఒడ్డుకీ పంటుకీ మధ్య వేసిన బల్ల అడుగున్నర వెడల్పుంటుందేమో. బైకు హ్యాండిల్ పట్టుకుని తను నీళ్ళలో మోకాళ్ళలోతు నడుస్తూ, బండిని బల్ల మీద నడిపిస్తాడు. బండిమీది మనిషిని దిగమని కూడా అనడు. పంటు మీదికెక్కాక వెనక చక్రం కింద చెక్కముక్క తన్నేసి తర్వాతి బండి కోసం తిరుగుతాడు.

నీళ్ళు తగ్గితే మేటలు పడి పంటు నడవదు. అప్పుడు ఇసుకలో బాట వేసి కొంత దూరం నడిపిస్తారు, మిగతాది పడవ. నీళ్ళు పెరిగితే రేవు మూసేస్తారు. ఏటా రేవు వేలం పాట జరుగుతుంది. పాడుకున్నవాడు కట్టిన డబ్బు నడిచిన రోజుల్లోనే రాబట్టుకోవాలి. జనం ఎక్కువగా ఎక్కించే తొందర అక్కడి నుంచే వస్తోందని పంటు నడిపేవాళ్ళే ఒప్పుకున్నారు. "పాట ఎంత పెరిగితే అంత మంది ఎక్కుతారండి, లెక్క అంతే" అన్నాడొకాయన. భద్రత గురించి మాట్లాడే అధికారులు ఈ పాట మొత్తాన్ని ఎందుకు ముట్టుకోరో నాకు అర్థం కాలేదు. ఎక్కువ పాడినవాడికి రేవు ఇవ్వడం కాకుండా, జాకెట్లు, మంచి ఇంజను, తర్ఫీదు పొందిన మనుషులు ఉన్నవాడికి ఇస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

నాలుగో రోజు: ఊడిమూడి లంక

రాత్రి అమలాపురంలో పడుకుని, పొద్దున్న పి.గన్నవరం వైపు వెళ్ళాను. ఊడిమూడి లంక, జి.పెదపూడి లంక, బూరుగులంక, అరిగెలవారిపేట. వశిష్ఠ పాయ చుట్టుకున్న ఊళ్ళు. డిసెంబరులో పాయ ఎండి ఉంటుంది, మట్టిబాట మీద ఆటోలు పోతుంటాయి. వరద రాగానే ఆ బాట కొట్టుకుపోతుంది. అప్పటి నుంచి స్కూలుకీ, అరటిగెలలు అమ్ముకోవడానికీ, కాన్పుకీ పడవే దిక్కు. వంతెన కోసం ఇక్కడివాళ్ళు అడగని నాయకుడు లేడు.

అరటితోటలో ఎరువు వేస్తున్న ఒకావిడతో మాట్లాడాను. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది తొమ్మిదో తరగతి. "వరదలో పడవ ఎక్కించి నేను గట్టు మీదే నిలబడతానండి, అది దిగి చెయ్యూపేదాకా. జాకెట్లు ఇస్తారు, ఇవ్వరని కాదు. పెద్దోళ్ళ సైజువే ఉంటాయి. చిన్నదానికి వేస్తే మెడలోంచి జారిపోతుంది." పిల్లల సైజు జాకెట్టు వరద వచ్చాక తెప్పించడం కుదరదు. జూన్‌లో బడి తెరిచేటప్పుడే పుస్తకాలతో పాటు రావాలి.

వరదల్లో పడవలు నడిపేది ఎవరని అడిగితే, చుట్టుపక్కల వలలు వేసేవాళ్ళే అన్నారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక వస్తుంది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది రాగానే ఆఫీసుల నుంచి ఫోన్లు వస్తాయట. పడవతో సహా వచ్చెయ్యమంటారు. డీజిలు పోస్తారు, భోజనం పెడతారు. కూలి మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేరట.

ఐదో రోజు: అంతర్వేది, సఖినేటిపల్లి, నరసాపురం

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని పల్లిపాలెం రేవుకి వెళ్ళాను. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఇక్కడివాళ్ళు గడియారమే కాదు, సముద్రం పోటు, పాటు (నీళ్ళు ఎక్కడం, దిగడం) కూడా చూసుకోవాలి. పోటు మీద బోటు లోపలికి రావాలి, పాటు మీద బయటికి పోవాలి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు వేసి దారి సన్నబడింది. తప్పు సమయంలో వస్తే బోటు అడుగు తగిలి పక్కకి ఒరుగుతుంది. డ్రెడ్జింగ్ చెయ్యాలన్నది రేవులో ప్రతి ఒక్కరి మాట.

నదిలో నాటుపడవ మీద వేటాడే వాళ్ళ బాధ వేరు. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ కాలానికి భృతి సముద్రం మీదికి పోయేవాళ్ళకే. "మాకూ వేసవిలో చేప ఉండదు. ఆక్వా చెరువుల నీళ్ళు డ్రైన్లలోంచి వచ్చి పడుతున్నాయి, వల ఎత్తితే వాసన. పులస అంటారా, వరదలో ఎర్రనీరు వస్తే నాలుగు రోజులు. అదీ పైన బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది" అంది బుట్టలో చేపలు సర్దుతున్న ఒకావిడ. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పేవాళ్ళు దాన్ని పట్టేవాళ్ళ ఇంట్లో అది ఉడకదని తెలుసుకోవాలి. పడ్డ ప్రతి పులసా అమ్మకానికే.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం మాధవాయిపాలెం రేవుకి పంటు ఎక్కాను. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు ఓడలు కట్టించుకున్న తీరం ఇది. ఇప్పుడు రేవు మొత్తానికీ ఒకే చర్చ, వంతెన. పంటు మీద మాట కదపగానే అందరూ చుట్టూ చేరారు.

పంటు నడిపే పెద్దాయన అన్నాడు, "వంతెన రావాలండి. పోయినేడు మా మనవరాలికి అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. నేనే పంటువాణ్ణి, నాకే దారి లేదు. చుట్టూ తిరిగి చించినాడ మీదుగా కారులో వెళ్ళాం."

పక్కనున్న ముప్పై ఏళ్ళ కళాసీకి ఈ మాట నచ్చలేదు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా? వంతెన రోజున దండలేస్తారు, మర్నాడు మా మొహం చూసేవాడుండడు. యానాం దగ్గర ఎదురులంక వంతెన వచ్చాక అక్కడ రేవోళ్ళు ఏమయ్యారో అడగండి."

"మరేం చెయ్యమంటావు, వంతెన ఆపేద్దామా?" అని కాలేజీ లెక్చరరు గారు అడిగారు.

"ఆపమని నేననలేదండి. వరదొస్తే మమ్మల్నే పిలుస్తారు కదా. ఏటా పిలుస్తారు. ఆ పనికి మమ్మల్ని పేర్లు రాసి పెట్టుకోమనండి. తర్ఫీదు ఇవ్వనివ్వండి, పడవకి బీమా, నెలకింత అని జీతం. వంతెన వచ్చినా వరద రావడం మానదుగా?"

లెక్చరరు గారు ఆలోచించి, ఇది జరిగే పని కాదు, ఉద్యోగం అంటే పరీక్ష, రిజర్వేషను, కోర్టు అన్నీ ఉంటాయి అన్నారు. కళాసీ తగ్గలేదు. హోంగార్డులను తీసుకోవడం లేదా అన్నాడు. పెద్దాయన స్టీరింగు వదలకుండానే వెనక్కి తిరిగి, కచ్చులూరులో జనాన్ని బయటికి లాగినవాళ్ళు ఏ పరీక్ష రాశారండీ అని అడిగాడు. దానికి లెక్చరరు గారి దగ్గర జవాబు లేదు. నాకు కళాసీ అడిగింది న్యాయంగానే తోచింది, ఆ మాటే వాళ్ళకు చెప్పాను. పంటు రేవుకి తగిలింది. కళాసీ బల్ల వెయ్యడానికి దూకాడు, ముందు బైకులను వదిలి తర్వాత మమ్మల్ని దించాడు.